కొలతకందని పెరుగు

ఫ్రాన్సులో పిల్లల చేత మొట్టమొదట చేయించే కేకు పెరుగు కేకు. దానికి కొలగిన్నెలూ త్రాసూ అక్కర్లేదు. అంగట్లోంచి 125 గ్రాముల పెరుగు డబ్బా ఒకటి తెచ్చి, పెరుగంతా గిన్నెలోకి వంచేస్తారు. ఖాళీ అయిన ఆ డబ్బాయే ఇక కొలత. దాంతో రెండు డబ్బాల పంచదార, మూడు డబ్బాల మైదా, అర డబ్బా నూనె. ఆపైన మూడు గుడ్లు, చిన్న పొట్లం బేకింగ్ పౌడరు. అన్నీ కలిపి ఓవెన్లోకి. కూడికలింకా సరిగ్గా రాని పిల్లలు కూడా ఒకటి, రెండు, మూడు అనుకుంటూ కలిపేస్తారు. వంటలో పడే సరుకుల్లో ఒకటి మిగతా వాటన్నిటికీ కొలతై కూర్చోవడం నాకు భలే నచ్చింది. పెరుగుకి ఇంత పెద్దరికం ఇచ్చిన వంటకం మరోటి నేను చూడలేదు.

నచ్చిందని మా వంటింట్లోకి తెద్దామంటే మొదటి వాక్యం దగ్గరే చిక్కొచ్చింది. మా ఇంట్లో పెరుగు డబ్బాలో ఉండదు. కాఫీలు పోగా ఎన్ని పాలు మిగిలితే అంత పెరుగు. తోడు ఎంత వెయ్యాలని అత్తయ్యగారిని అడిగితే చెంచా కొస చూపిస్తారు. ఆ కొసైనా ఏడాది పొడుగునా ఒకటి కాదు. సంక్రాంతి చలికి కాస్త ఎక్కువ పడాలి, పైగా గిన్నెను బియ్యం డబ్బాలో కూర్చోబెట్టాలి. రోహిణి కార్తెలో చెంచాకి అంటుకున్న తడి చాలు. మధ్యాహ్నం తోడేస్తే సాయంత్రానికి గడ్డకడుతుంది, రాత్రి భోజనాల వేళకి మావారు ఒక ముద్ద కలుపుకుని "పులిసిందే" అంటూ గిన్నె అవతలికి జరుపుతారు. పొద్దున్న కమ్మగా ఉన్నదే సాయంత్రానికి ఇంకోటి అవుతుంది.

అందుకని వంట పుస్తకాల్లో "ఒక కప్పు పెరుగు" అన్న మాట కనపడగానే నాకు అనుమానం మొదలవుతుంది. కప్పు మైదా అంటే కప్పు మైదాయే. పంచదారా అంతే. పెరుగు విషయంలో మాత్రం కప్పు చెప్పేది దాని పరిమాణమే. కేకులో పని చేసేదేమో పరిమాణం కాదు, పులుపు.

ఆ పని ఎలా జరుగుతుందంటే, తోడులో ఉన్న సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం చేస్తాయి. ఆమ్లం పెరిగి పీహెచ్ 4.6 దరిదాపులకి దిగేసరికి పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు గడ్డకడుతుంది. పెరుగు తోడుకుందని మనం అనేది అప్పుడే. మనం తోడుకుందన్నామని అవి పని మానవు. పులుపు పెరుగుతూనే ఉంటుంది, ఫ్రిజ్‌లో పెడితే నెమ్మదిస్తుందంతే. ఈ ఆమ్లానికి తినే సోడా తగిలితే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఆ బుడగలు పిండిలో చిక్కుకుని, ఓవెన్ వేడికి ఉబ్బి, చుట్టూ ఉన్న మైదా గట్టిపడేదాకా నిలబడితే కేకు గుల్లగా వస్తుంది.

కప్పు పెరుగు 240 గ్రాములనుకుందాం. అందులో ఆమ్లం ఒక శాతం ఉంటే 2.4 గ్రాములు. దానికి సరిజోడు కావాలంటే సోడా సుమారు రెండుంబావు గ్రాములు పట్టాలి. చెంచాతో చెప్పాలంటే అర టీస్పూను. కప్పు పెరుగుకి అర టీస్పూను సోడా అని పుస్తకాలన్నీ ఒక్కమాట మీద రాసేది ఇందుకే. ఎవరో ఇష్టం వచ్చినట్టు వేసిన అంకె కాదది. కానీ ఆ లెక్క నిలవాలంటే ఆ ఒక శాతం ఉండాలి. ఇవాళే తోడుకున్న కమ్మటి పెరుగులో అంత ఉండదు. అప్పుడు సోడాలో కొంత జోడు దొరక్క మిగిలిపోతుంది. మిగిలిన సోడా వేడికి మరో క్షారమై, కేకు తింటుంటే సబ్బు నాకినట్టుంటుంది. రంగు కూడా పసుపూ గోధుమా కాని అదోలా మారుతుంది. పెరుగు మరీ పులిసిందైతే సోడా అంతా ఖర్చయిపోయి పులుపే మిగులుతుంది, పైభాగం ఎర్రగా కాలదు. ఈ రెండు తప్పుల్లో ఏదో ఒకటి తప్పదంటే నేను రెండోదే కోరుకుంటాను. నాలిక చివర కాస్త పులుపు తగిలే కేకుని తినగలం. సోడా వాసన వేసేదాన్ని పంచదార కూడా కాపాడలేదు.

పిండిలో సోడా ఎక్కువైందేమో చూడ్డానికి మన ఇళ్లలో పరికరం ఉండనే ఉంది. కలిపిన పిండి చెంచాడు పక్కకి తీసి అందులో చిటికెడు పసుపు రంగరిస్తే చాలు. పసుపు పసుపుగానే ఉంటే పెరుగుదే పైచేయి. ఎర్రబారితే సోడా మిగిలిందన్నమాట. పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకునే జాతికి, కొత్త పెళ్లికూతురు గడప దాటేముందు ఎర్రనీళ్లు దిగదుడిచే జాతికి, ఇది కొత్తగా నేర్పాల్సిన రసాయనశాస్త్రం కాదు.

నేనైతే అంతదూరం పోను, అత్తయ్యగారిని పిలుస్తాను. "కాస్త చెయ్యి చాపండి" అని అరచేతిలో అర చెంచాడు పెరుగు వేస్తే ఆవిడ నాలుక మీద పెట్టుకుని తీర్పు చెబుతారు. ఆ తీర్పులో అంకెలుండవు, వంటలుంటాయి. "ఇది ఇవాళ అన్నంలోకే బాగుంటుందమ్మాయ్." "ఆవడలకి వెయ్యొచ్చు." "మజ్జిగపులుసుకి పనికొచ్చింది." "పుల్లట్లు పోసుకోవాల్సిందే, ఇంకెందుకూ కొరగాదు." కమ్మదనం నుంచి గాఢమైన పులుపు దాకా నాలుగు మెట్లు. ఇంతకన్నా నమ్మకమైన కొలబద్ద నాకు దొరకలేదు. అన్నంలోకి అంటే సోడా పావు టీస్పూనుకి మించనివ్వను, తక్కువైన పొంగుకి బేకింగ్ పౌడరు వేస్తాను. ఆవడల పెరుగుకి దానికంటే చిటికెడెక్కువ. మజ్జిగపులుసు పెరుగుకి పుస్తకం చెప్పిన అర టీస్పూను. పుల్లట్ల దాకా పోయిందాన్ని పాలతో సగానికి సగం పలచన చేస్తాను. భోజనాల దగ్గర మావారు అవతలికి జరిపిన గిన్నె కేకు దగ్గరికొచ్చేసరికి కావలసినదైపోతుంది. మా ఇంట్లో కేకు చేసే రోజుని నిర్ణయించేది పుట్టినరోజులు కావు, ఆ గిన్నే.

పుస్తకాలతో, వీడియోలతో నాకు ఇంకో పేచీ ఉంది. గిన్నెలో పెరుగు, పంచదార కలిపి, పైన సోడా చల్లి, పది నిమిషాలు వదిలెయ్యమంటారు. పెరుగు నురగెత్తి గిన్నె అంచుదాకా లేస్తుంది. చూడ్డానికి ముచ్చటే, పిల్లలు చప్పట్లు కొడతారు. కానీ ఆ పొంగు ఓవెన్లో రావలసింది. బల్ల మీద పోయిన వాయువు మళ్లీ తిరిగిరాదు. సోడాని మైదాతో కలిపి జల్లించుకుని, పెరుగులో కలిపిన వెంటనే, అప్పటికే కాగి సిద్ధంగా ఉన్న ఓవెన్లో పెట్టెయ్యడమే మంచిదని నా పట్టు. అలా నురగ పట్టినా కేకులు వస్తున్నాయిగా అంటే, వస్తాయి. అక్కడ రక్షించేది బేకింగ్ పౌడరు. వేడి తగిలాక రెండోసారి పొంగే గుణం దానికుంది. చప్పట్లు పెరుగుకి, పనేమో దానికి. ఇంకో చిన్న జాగ్రత్త, పెరుగు ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసింది కాకూడదు. వెన్నతో చేసే కేకైతే ఆ చలికి వెన్న ముద్దలు కడుతుంది.

ఇంతకీ మైదాలో పెరుగు, సోడా వెయ్యడం మనకి ఓవెన్‌తో పాటు వచ్చిన విద్య కాదు. మైసూర్ బజ్జీ పిండి ఏమిటి? మైదా, పుల్లటి పెరుగు, సోడా, జీలకర్ర, పచ్చిమిర్చి. టిఫిన్ సెంటర్లో మాస్టారు పొద్దున్నే ఆ పిండిని చేత్తో గాల్లోకి లేపి కొట్టి, వేలి కొసతో రుచి చూసి, ఓ చిటికెడు సోడా అటో ఇటో చేస్తారు. పైన నేను చెప్పిన శాతాల లెక్కంతా ఆయన వేలి కొసన ఉంది. బాదుషా కూడా అంతే. మైదాలో నెయ్యి, కాస్త పెరుగు, చిటికెడు సోడా, పొరలు చెదరకుండా మెత్తగా కలపడం. అందులో పెరుగు మానేసి చూడండి, పెళ్లివిందులో బాదుషా బదులు గవ్వ నమిలినట్టుంటుంది. మనకి తెలియనిది కలపడం కాదు. కలిపినదాన్ని నూనెలో వెయ్యకుండా పొడి వేడిలో కాల్చడం.

అదీ పూర్తిగా తెలియదనడానికి లేదు. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టెని మందపాటి గిన్నెలో పోసి, మూత మీద కూడా నిప్పులు పేర్చి, కిందా పైనా సెగ తగిలేలా కాల్చేవారు. ఐర్లండు పల్లెల్లో ఇనప కుండలో పిండి పెట్టి, మూత మీద మండుతున్న పీటు కణికలు పేర్చి రొట్టె కాల్చారు. వాళ్ల గోధుమ మెత్తరకం, ఈస్టుతో పొంగించడానికి అంత బాగా లొంగదు. సోడా పంతొమ్మిదో శతాబ్దంలో అందుబాటులోకి రాగానే, ఇంట్లో ఉన్న పుల్లటి మజ్జిగతో జోడించి సోడా రొట్టె చేసుకున్నారు. ఈస్టు లేదు, నానబెట్టడం లేదు, పిండి కలిపిన నిమిషాల్లో కుండలోకి. మినప్పిండి ఒకచోట, గోధుమపిండి ఇంకొకచోట. మూత మీద నిప్పులు మాత్రం రెండుచోట్లా ఒకటే.

కేకు విషయం వేరు. మా చిన్నప్పుడు రాజమండ్రిలో కేకంటే బేకరీ సరుకు, లేకపోతే క్రిస్మస్‌కి పక్కింటివాళ్లు పళ్లెంలో పెట్టి పంపేది. మైదా, పంచదార, డాల్డా ఇంటి నుంచి తీసుకెళ్లి బేకరీలో బిస్కట్లు కాల్పించుకు రావడం ఉండేది, కేకు చేయించుకోవడం మాత్రం మావైపు తక్కువ. ఇంట్లోనే చేద్దామన్న ఉబలాటం రెండుచోట్ల ఆగేది. ఒకటి ఓవెన్. దానికి ఉపాయం త్వరగానే దొరికింది. కుక్కర్లో ఇసకో ఉప్పో పోసి, గ్యాస్కెట్, వెయిటు తీసేసి, లోపల గిన్నె పెట్టడం. తర్వాత మూతకి చిన్న గాజు కిటికీ ఉన్న గుండ్రటి అల్యూమినియం ఓవెన్లు వచ్చాయి. ఆ కిటికీలో కళ్లు పెట్టుకుని నిలబడని పిల్లలు మా వీధిలో లేరు. రెండో అడ్డు గుడ్డు. ఇసక దానికి పనికిరాదు. కొందరు తియ్యటి డబ్బాపాలతో నెట్టుకొచ్చారు. ఎక్కువమంది ఇళ్లలో కేకు లోపలికి రాగలిగింది పెరుగు వల్లే. శనివారం తినొచ్చు, కార్తీకమాసంలో తినొచ్చు, పెద్దవాళ్ల చేతికి ముక్క ఇవ్వొచ్చు. ఇంట్లో అందరూ తినలేనిదాన్ని ముందు వంటగా ఒప్పుకోని ఇళ్లు మనవి.

ఇక్కడే ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది, గుడ్డు వెయ్యలేని వాళ్లు ఏదో సర్దుకోవడానికి పెరుగు వేసుకుంటారని. ఇది నేనొప్పుకోను. ఫ్రాన్సు వాళ్ల కేకులో పెరుగుతో పాటు మూడు గుడ్లున్నాయి. గ్రీసులో, టర్కీలో చేసే పెరుగు కేకుల్లోనూ గుడ్లు పడతాయి. వాళ్లకి గుడ్డు మీద ఏ పట్టింపూ లేదు. అయినా పెరుగు వేశారంటే దాని వల్ల వచ్చేదేదో గుడ్డు వల్ల రాదన్నమాట.

నిజానికి ఆ రెండింటి పనులకీ పొంతన లేదు. గుడ్డు వేడికి గట్టిపడి కేకుకి గోడలు కడుతుంది, నూనెనీ నీటినీ కలిపి ఉంచుతుంది, గిలక్కొడితే గాలి పట్టుకుంటుంది. పెరుగు ఇందులో ఒక్కటీ సరిగ్గా చెయ్యలేదు. పాలు కాచినప్పుడే, తోడుకున్నప్పుడే దానిలో గట్టిపడవలసింది గట్టిపడిపోయింది. ఓవెన్లో కొత్తగా నిలబెట్టడానికి దాని దగ్గర ఏమీ మిగల్లేదు. గుడ్డు లేని కేకుని నిలబెట్టేది మైదాలోని జిగురూ పిండిపదార్థమూ. పెరుగు చేసేది తడిని పట్టి ఉంచడం, సోడాకి పని కల్పించడం, ఆ జిగురుని మరీ బిగుసుకోనివ్వకపోవడం. అందుకే పెరుగు కేకుని గరిటెతో గట్టిగా కొట్టకూడదు. పిండి తడి కనపడకుండా కలిస్తే చాలు, ముద్దలు రెండు మూడు మిగిలినా ఫర్వాలేదు. స్పాంజి కేకులా అది తేలిగ్గా, ఎత్తుగా రాదు. రావాలని అడగడం కూడా అన్యాయం. కాస్త బరువుగా, చేత్తో పట్టుకుంటే రాలకుండా, మర్నాటికి ఇంకా మెత్తబడి ఉంటుంది. ఆ మర్నాటి రుచి కోసమే నేను చేసిన రోజు కొయ్యను. వెనీలా కూడా వెయ్యను. గుడ్డు వాసన కప్పడానికి వేసుకునేది గుడ్డు లేని చోటెందుకు? నిమ్మతొక్క తురుమో, ఏలకులపొడో వేస్తే పెరుగు పులుపు పైకి తేలుతుంది. పైన క్రీము పూసి గులాబీలు దిద్దడం మీద నా అభిప్రాయం ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పను.

గుడ్డు పడని మనుషులు కేకుల చరిత్రలో పక్కవాళ్లేం కాదు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల దుకాణదారు ఉండేవాడు. ఆయన భార్యకి గుడ్డు సరిపడదు, ఈస్టూ సరిపడదు. ఆవిడ కోసం 1837లో గుడ్డు అక్కర్లేని కస్టర్డు పొడి, 1843లో ఈస్టు అక్కర్లేని బేకింగ్ పౌడరు తయారుచేశాడు. మన ఇళ్లలో ఎండాకాలం పళ్లముక్కల మీద పోసుకునే కస్టర్డు వెనకా, కేకు వెనకా ఆ ఇల్లాలి పొట్ట ఉంది. అత్తయ్యగారికి ఈ సంగతి చెప్పినప్పుడు చరిత్ర మీద ఆసక్తి చూపలేదు గానీ, "మంచి మొగుడు" అని ఒక మార్కు వేశారు.

పెరుగు కేకుల్లో నాకు మైదా కంటే బొంబాయి రవ్వతో చేసేది ఇష్టం. రవ్వని పెరుగులో అరగంట నాననిచ్చి, పంచదార, నెయ్యి, సోడా కలిపి కాల్చడం. రవ్వ ఇడ్లీ చేసే ఎవరికైనా ఆ నానడం, చిక్కబడడం, మళ్లీ కాస్త పెరుగు చిలకరించి సర్దుకోవడం చేతికొచ్చిన పనే. కాలిన వేడి మీద పాకం పోస్తే అదే ఈజిప్టు వాళ్ల బస్బూసా. టర్కీ వాళ్ల రెవానీ దానికి దగ్గర చుట్టం. ఇది నేను పుస్తకంలో చూసి నేర్చుకోలేదు. రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లి, అక్కడి ఇళ్లలో ఏళ్ల తరబడి వంటచేసి తిరిగొచ్చిన ఒకావిడ మా అపార్టుమెంటులో పనికి కుదిరింది. ఒకరోజు నేను రవ్వ కేకు చేస్తుంటే వెనక నిలబడి చూసి, "అమ్మా, పాకం చల్లార్చి పొయ్యండి. కేకు వేడిది, పాకం చల్లది, అప్పుడే లోపలికి పీలుస్తాది. మా మేడమ్‌గారింట్లో పైన ఒక్కో ముక్కకి ఒక్కో బాదంపప్పు గుచ్చేదాన్ని" అంది. కడప, కోనసీమ నుంచి గల్ఫుకి వెళ్లిన ఆడవాళ్లు డబ్బు పంపిన సంగతి అందరూ చెప్పుకుంటారు. వాళ్లు చేతుల్లో మోసుకొచ్చిన వంటల సంగతి ఎవరూ రాసుకోలేదు.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి బాధ ఇంకో రకం. అక్కడ పెరుగు డబ్బా తెస్తే ఎప్పుడూ ఒకే పులుపు, కప్పు లెక్కలు తప్పవు, కేకు ప్రతిసారీ వస్తుంది. అన్నంలోకి మాత్రం ఆ పెరుగు దానికి దిగదు. పచ్చిమిర్చి తొడిమలు వేసి తోడుపెట్టుకోవడం నేర్చుకుంది. ఇప్పుడు ఫ్రిజ్‌లో రెండు పెరుగులు, ఒకటి కేకుకి, ఒకటి కంచానికి. నేనైతే తారుమారు చేసి చూడమన్నాను.

ఈమధ్య డాక్టరు మైదా తగ్గించమన్నాక జొన్నపిండి మీద పడ్డాను. ఇక్కడ పెరుగు చేతులెత్తేసింది. జొన్నలో గోధుమ జిగురు లేదు. పెరుగు ఎంత మంచిదైనా, సోడా ఎంత లెక్కగా పడినా, పట్టి ఉంచేదేదీ లేక కేకు కత్తి పెట్టగానే పొడైపోతుంది. పనులు వేరన్నది ఇక్కడ కళ్లెదుటే తేలింది. జొన్నకి గోడ కట్టేవాళ్లు కావాలి, అది గుడ్డే. రెండు గుడ్లు కొట్టి వేస్తే జొన్న కేకు కుదురుగా ముక్కలుగా తెగుతోంది. పెరుగు అందులోనూ ఉంది, దాని పని అది చేస్తోంది. అత్తయ్యగారు దాన్ని ముట్టరు. దానికో గిన్నె విడిగా కేటాయించి, అడుగున రంగుచుక్క పెట్టించారు. ఆవిడ కోసం అదే రోజు చిన్న రవ్వ కేకు కూడా కాలుస్తాను. "గిన్నెలు వేరు సరే, ఓవెన్ ఒకటేగా అమ్మా" అని మావారు ఏడిపించబోతే, "నిప్పుకి అంటేమిట్రా" అన్నారు. అయినా రవ్వ కేకే ముందు కాలాలట.